రోజూ బరువు చూస్తున్నాం, రాస్తున్నాం. ఎవరైనా చదువుతున్నారా?

వార్డు_దీపం

గుండె వార్డులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ వారం జరిగింది మనసులోంచి పోవడం లేదు.

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిన పెద్దాయన. సోమవారం 64.2 కిలోలు. మంగళవారం 65. బుధవారం 66.1. గురువారం 67.3. నాలుగు రోజులు, నాలుగు చేతిరాతలు. అంకెలన్నీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బుధవారం చేతిరాత నాది. పక్కనే ఉన్న ఇన్‌టేక్ ఔట్‌పుట్ చార్ట్ చూస్తే తాగినదీ పోయినదీ దాదాపు సమానం. అందరం ఆ చార్టే చూసి నిశ్చింతగా ఉన్నాం.

గురువారం రాత్రి రెండు గంటలకు ఆయన మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నారు. మాట్లాడితే ఒక్కో మాటకూ ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. దగ్గితే గులాబీ రంగు నురగ, అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆ రాత్రి గట్టెక్కారు, ఇప్పుడు బాగున్నారు. కానీ మూడు కిలోలు మా కళ్ల ముందే పెరిగాయి, మేమే రాశాం, ఒక్కరం కూడా ముందు రోజు అంకె వైపు చూడలేదు.

మీ వార్డుల్లో బరువు ఎవరు చదువుతారు? రాసిన నర్సా, డాక్టరా, ఎవరూ కాదా?

పాత_సిస్టర్

నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపి ఆ చార్ట్ సంగతి ముందు చూడమ్మా. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను నిజంగా సరిపోయిన ఇన్‌టేక్ ఔట్‌పుట్ చార్ట్ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చూశాను.

మంచం పక్కన సీసా ఉంటుంది. అందులోంచి రోగి తాగారా, చూడవచ్చినవాళ్లు తాగారా ఎవరికీ తెలియదు. బాత్‌రూముకు నడిచి వెళ్లగలిగినవాళ్లు సగం సార్లు కొలపాత్ర మరచిపోతారు. చర్మం నుంచి, ఊపిరి నుంచి రోజుకు అర లీటరు పైనే పోతుంది, జ్వరం ఉంటే ఇంకా ఎక్కువ. దానికి చార్టులో గడే లేదు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది మనం ఎక్కించేది. మీ పెద్దాయనకు యాంటీబయాటిక్ నడుస్తోందా? 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి రోజుకు మూడుసార్లు ఇస్తే 300. సెలైన్ 0.9 శాతం అంటే ప్రతి వంద మిల్లీలీటర్లలో 0.9 గ్రాముల ఉప్పు. మూడింటికీ కలిపి 2.7 గ్రాములు. ఒకవైపు రోజుకు ఐదు గ్రాముల ఉప్పు దాటవద్దని ఆయనకు చెబుతాం, అందులో సగానికి పైగా మనమే నరంలోకి పంపిస్తాం. దాన్ని మందు కింద రాస్తాం కాబట్టి నీటి లెక్కలోకి రాదు.

వార్డు_దీపం

పాత_సిస్టర్ గారూ, ఇప్పుడే వెళ్లి చూశాను. ఉంది. రోజుకు మూడుసార్లు. చార్టులో ఒక్క రోజు కూడా రాయలేదు.

సమతూకం

పాత_సిస్టర్ గారు చార్టును తప్పుపట్టారు, ఒప్పుకుంటాను. కానీ బరువును మాత్రం అంత గుడ్డిగా ఎందుకు నమ్మాలి? మా వార్డులో రెండు యంత్రాలు ఉన్నాయి. నేనే రెండింటి మీదా ఒకే నిమిషంలో ఎక్కి చూశాను, 1.4 కిలోల తేడా. ఒక రోజు అల్పాహారానికి ముందు, ఒక రోజు తర్వాత. ఒక రోజు చెప్పులతో. మూత్రం సంచి చేతిలో పట్టుకుని నిలబడ్డ రోగిని కూడా చూశాను, సంచిలో ముప్పావు లీటరు ఉంది, అంటే ముప్పావు కిలో. ఇలాంటి అంకె రాయడం కంటే రాయకపోవడం మేలు.

పాత_సిస్టర్

సమతూకం, మీరు చెప్పినవన్నీ బరువు చూసే పద్ధతిలో ఉన్న లోపాలు. ఒకే యంత్రం, ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, దాదాపు అవే బట్టలు. సంచి ఉంటే ఖాళీ చేశాకే. ఇంతే కదా. ఒక లీటరు నీరు ఒక కిలో, దీనికి మించిన సులువైన లెక్క మన పనిలో ఇంకొకటి ఉందా?

సమతూకం

ఒకటి మిగిలింది. ఆకలి లేక చిక్కిపోతున్న రోగులు. కండ కరుగుతుంటుంది, ఆ ఖాళీలో నీరు చేరుతుంటుంది, బరువు మాత్రం నిలకడగా ఉంటుంది. మా దగ్గర ఒకావిడ మూడు వారాలు 51 దగ్గరే ఉన్నారు, కడుపు మాత్రం ఉబ్బుతూ పోయింది. కాబట్టి బరువు పెరిగితే నమ్ముతాను, పెరగకపోతే ఊరుకోను.

పాత_సిస్టర్

ఇది నిజం. ఇది నేను రాయాల్సింది, మరచిపోయాను.

నిశిరాత్రి

అందరూ ఉదయం బరువు అంటున్నారు. ఆ ఉదయం ఎవరిదో చెప్పండి. నైట్ డ్యూటీలో ఉన్న ఇద్దరిది. పగటి డ్యూటీ వాళ్లు వచ్చేలోపు ఇరవై రెండు మంది బరువు పూర్తవ్వాలంటే ఐదింటికే లేపాలి. రాత్రంతా దిండ్లకు ఆనుకుని ఆయాసపడి తెల్లవారుజామున కాస్త కునుకు పట్టిన మనిషిని లేపి యంత్రం మీద నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. నీరు పోయే మందు మీద ఉన్నవాళ్లకు లేవగానే బీపీ పడిపోతుంది. నిలబడగానే తూలి నా భుజం మీద వాలినవాళ్లు ఈ నెలలోనే ఇద్దరు. కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టాలి. ఇరవై రెండు మందికి ఆ రెండు నిమిషాలు కలిపితే ఎంతవుతుందో లెక్కపెట్టుకోండి.

వార్డు_దీపం

నిశిరాత్రి, మీ బాధ నాకు తెలుసు. కానీ ఇరవై రెండు మందికీ అక్కర్లేదు కదా? నీరు చేరినవాళ్లు, నీరు పోయే మందు మీద ఉన్నవాళ్లు ఎంతమంది?

నిశిరాత్రి

తొమ్మిది. ఇవాళ లెక్కపెట్టాను. మిగతా పదమూడు మందికి అలవాటు కొద్దీ చూస్తున్నాం. ఇది నేనే ఎప్పుడో అడిగి ఉండాల్సింది.

మూడో_ఏడాది

నేను విద్యార్థినిని, తప్పుగా అడిగితే చెప్పండి. కాళ్ల వాపు చూస్తే తెలిసిపోతుంది కదా అక్కా, బరువు ఎందుకు? మాకు బొటనవేలితో నొక్కి గుంట చూడమని నేర్పారు.

పాత_సిస్టర్

నొక్కడం తప్పకుండా నేర్చుకో తల్లీ. మోకాలి కింద ముంగాలి ఎముక మీద ఐదు సెకన్లు నొక్కి వదులు, గుంట ఎంత లోతు పడింది, ఎంతసేపటికి నిండింది చూడు. కానీ కాలి మీద గుంట పడేసరికే ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు చేరి ఉంటుంది. బరువు దానికి ముందే చెబుతుంది.

ఇంకొకటి. మంచం దిగని రోగి కాళ్లు చూసి వాపు లేదని రాయకు. నీరు పల్లానికి పోతుంది. పడుకుని ఉన్నవాళ్లకు పల్లం నడుము కింద. పక్కకు తిప్పి చూడు. దుప్పటి ముడతలు ఆ చర్మం మీద అచ్చు దిగి ఉంటాయి, కుట్టుతో సహా. నువ్వు తుడిచేలోపు చెరిగిపోతే మామూలు ఒత్తిడి. పది నిమిషాల తర్వాత కూడా గీతలు అలాగే ఉంటే అక్కడ నొక్కి చూడు. పైగా అలా నీరు పట్టిన చర్మం పలచబడి త్వరగా పుండు పడుతుంది, కాబట్టి ఆ తిప్పడం రెండందాలా పనికొస్తుంది.

మూడో_ఏడాది

ఇవాళ ఒకావిడను తిప్పి చూశాను. నిజంగానే కుట్టు గీత కూడా కనిపించింది. కాళ్లు మాత్రం సన్నగా ఉన్నాయి. చార్టులో వాపు లేదని రాసి ఉంది.

నాన్న_బిడ్డ

నేను నర్సును కాను. నాన్నగారికి గుండె వైఫల్యం, ఇంట్లో చూసుకునేది నేను. మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. మూడోసారి ఇంటికి పంపేటప్పుడు ఒక సిస్టర్ పక్కన కూర్చుని చెప్పారు, రోజూ బరువు చూడండి, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే వెంటనే ఫోను చేయండి అని. మొదటి రెండుసార్లూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రెండో సారి ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే గుర్తులు అన్నీ ఉన్నాయి. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. మెడనొప్పి కాబోలు అనుకున్నాం. చెప్పుల బకిల్ పెట్టుకోవడానికి వంగితే ఊపిరి అందక నన్ను పిలిచేవారు. వయసు అనుకున్నాం.

ఒక సందేహం. కాళ్లు వాచినప్పుడు దిండ్ల మీద ఎత్తుగా పెట్టమని బంధువులు చెప్పారు. అలా చేసిన రాత్రి ఆయాసం ఇంకా ఎక్కువైంది. మేం చేసింది తప్పా?

డా_హృదయం

వంగితే ఆయాసం అనేది చాలా విలువైన గుర్తు. ముందుకు వంగిన అర నిమిషంలోపు ఊపిరి అందకపోవడానికి వైద్యంలో ప్రత్యేకంగా బెండాప్నియా అని పేరే ఉంది. 2014లో వర్ణించారు. మేము అడిగే ప్రశ్నల్లో ఇది సాధారణంగా ఉండదు, ఉండాలి.

రక్తనాళం

నాన్న_బిడ్డ అడిగిన ప్రశ్నకు నేను చెబుతాను, నేను పనిచేసేది కాళ్ల రక్తనాళాల విభాగంలో. మీరు కావాలని చేసిన తప్పేమీ లేదు. వాచిన కాలు ఎత్తి పెట్టాలి అనేది ఎంత పాతుకుపోయిందంటే, ఏ వాపో అడగకుండానే నర్సులు కూడా దిండు తెస్తారు.

గుండె నీటిని తోడలేకపోతున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు ఉన్నప్పుడు కాళ్లు పైకి పెడితే అక్కడున్న రక్తం అంతా ఒక్కసారిగా గుండె వైపు వస్తుంది. ఉన్న బరువే మోయలేని గుండెకు ఇంకో బరువు. అందుకే ఆయాసం వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేస్తాం. నీరు తగ్గి, ఆయాసం లేనప్పుడు పగలు కాసేపు ఎత్తి పెట్టుకోవడం వేరు.

సిరల జబ్బు ఉన్న కాలికి ఎత్తడం మంచిదే, సాయంత్రానికి బరువెక్కే కాలు, చీలమండ దగ్గర గోధుమరంగు మచ్చలు, అలాంటివాళ్లకు అదే మందు. కానీ ధమనుల్లో రక్తం సరిగా పారని కాలు పూర్తిగా ఎదురు. ఎత్తితే పాలిపోతుంది, నొప్పి పెడుతుంది. రాత్రి మంచం అంచు నుంచి కాలు వేలాడేసి పడుకునే రోగి ఎవరైనా ఉంటే ఆ కాలు పైకి పెట్టకండి, పాదం తాకి చూడండి. చల్లగా ఉందా, వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తోందా, పాదం పైన నాడి అందుతోందా.

నేను ఈ విభాగానికి రావడానికి ఒక కారణం ఉంది. వాపు ఉందని ఒక పెద్దావిడకు బిగుతు మేజోళ్లు వేశారు, నాడి చూడకుండా. రెండు రోజుల తర్వాత విప్పితే చిటికెన వేలు నల్లబడి ఉంది. మేజోళ్లు వేసే ముందు చీలమండ బీపీ, చేతి బీపీ రెండూ చూసి నిష్పత్తి తీయడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. 0.9 కంటే తక్కువ ఉంటే ధమనుల్లో అడ్డు ఉన్నట్టు. 0.5 కంటే తక్కువ ఉన్న కాలికి బిగుతు కట్టు కట్టనే కూడదు. ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ పది నిమిషాలు ఇప్పుడు నేను ఎవరికీ వదలను.

నాన్న_బిడ్డ

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చదివి నాన్నగారికి వినిపించాను. ఆ రాత్రి నేను చెప్పాను కదా, కాళ్లు కింద పెడితే హాయిగా ఉందని, అన్నారు. నిజంగానే చెప్పారు. నేనే మళ్లీ దిండు పెట్టాను.

క్యాథ్‌ల్యాబ్_సుధ

వార్డు_దీపం రాసిన నాలుగు అంకెలు చదివితే నాకు ఇంకో నాలుగు గుర్తొచ్చాయి. గజ్జ దగ్గర నుంచి గొట్టం వేసి స్టెంట్ పెట్టిన రోగి. తిరిగి వార్డుకు వచ్చాక బీపీ 134. అరగంటకు 126. మళ్లీ అరగంటకు 117. తర్వాత 108. ఏ అంకెకు ఆ అంకె చూస్తే అన్నీ బాగున్నట్టే. గజ్జ మీద కట్టు పొడిగా ఉంది, వాపు లేదు, పాదంలో నాడి ఉంది. రోగి మాత్రం నడుము నొప్పిగా ఉంది, పక్కకు తిరగనా సిస్టర్ అని అడిగారు. చాలాసేపు వెల్లకిలా పడుకుంటే నడుము పట్టడం మామూలే కాబట్టి నడుము కింద దిండు సర్దబోయాను.

అప్పుడు పల్స్ చూశాను. 72 నుంచి 104కు వచ్చింది. బయటికి చుక్క రక్తం రాకుండా కడుపు వెనుక భాగంలోకి రక్తం పోతోంది. స్కాన్‌లో తేలింది. గజ్జ నుంచి చేసినవాళ్లకు కొత్తగా నడుము నొప్పి వస్తే బీపీ, పల్స్ ముందు నుంచీ ఎలా వచ్చాయో వరుసగా చదవకుండా నేను ఇప్పుడు మంచం వదలను.

నిశిరాత్రి

సుధ గారూ, ఒళ్లు జలదరించింది. నేను ఇలాంటివాళ్లకు ఎన్నిసార్లు నడుము కింద దిండు పెట్టానో.

డా_హృదయం

అసలు ప్రశ్నకు వస్తాను. బరువు ఎవరు చదవాలి అన్నది నర్సుల మీదికే పోతోంది, అది న్యాయం కాదు. రౌండ్స్‌లో మేము ఎక్స్‌రే అడుగుతాం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అడుగుతాం, బరువు అడగం. అడిగేవాడు లేనప్పుడు రాసేవాళ్లకు అది గడి నింపే పనిగా మారుతుంది. నీరు పోయే మందు మోతాదు నిర్ణయించాల్సింది ఆ అంకెను చూసే.

ఇంకొక మాట. నీరు పోయే మందు ఫ్యూరోసెమైడ్ నరానికి ఇచ్చాక మరుసటి ఉదయం బరువు దాకా ఆగనవసరం లేదు. మొదటి ఆరు గంటల్లో గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్లయినా మూత్రం రాకపోతే మోతాదు చాలలేదని అర్థం, పెంచాలి. ఆ గంటగంట లెక్క నర్సు చేతిలోనే ఉంటుంది. ఫోను చేసి గంటకు అరవైయే వచ్చింది అని చెప్పండి.

నిశిరాత్రి

డాక్టరు గారూ, గౌరవంతోనే చెబుతున్నాను. నేను అలా రాత్రి ఒంటిగంటకు ఫోను చేశాను. ఉదయం చూద్దాం అన్నారు. మరుసటి వారం ఇంకొకరి విషయంలో చేసినప్పుడూ అదే మాట. మూడోసారి చేయడానికి చెయ్యి వెళ్లలేదు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, మనుషులు ఎలా మౌనంగా మారతారో చెబుతున్నాను.

డా_హృదయం

మీరు చెప్పింది కాదనను. ఒక చిన్న ఉపాయం మా వార్డులో పనిచేసింది. రోగికి మూత్రం తక్కువగా ఉందండీ అని చెబితే నిద్రలో ఉన్న వైద్యుడికి ఏమీ తోచదు. నిన్నటి నుంచి 1.1 కిలో పెరిగారు, మందు ఇచ్చి మూడు గంటలు, మొత్తం 170 మిల్లీలీటర్లే వచ్చింది, ఇంకో మోతాదు ఇవ్వమంటారా అని అడిగితే అవునో కాదో చెప్పక తప్పదు. ఆ సమాధానం సమయంతో సహా కేస్ షీట్‌లో రాయండి.

మూడో_ఏడాది

ఆయాసంతో ఉన్న రోగిని చూడగానే ముందు ఆక్సిజన్ పెట్టాలా, ముందు కూర్చోబెట్టాలా? మా తరగతిలో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

పాత_సిస్టర్

కూర్చోబెట్టు. దానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, గొట్టమూ అక్కర్లేదు, ఐదు సెకన్ల పని. ఆ తర్వాత వేలికి యంత్రం పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూడు. 90 కంటే తక్కువ ఉంటే ఆక్సిజన్. మా కాలంలో గుండెపోటు అనగానే ముఖానికి మాస్కు తగిలించేవాళ్లం, అది లేకపోతే వైద్యం జరగనట్టే. ఆక్సిజన్ సరిగా ఉన్న గుండెపోటు రోగులకు అదనంగా ఇస్తే ప్రాణాల విషయంలో మేలేమీ లేదని స్వీడన్‌లో ఆరు వేల మందికి పైగా రోగుల మీద చేసిన అధ్యయనం 2017లో తేల్చింది.

ఇంకా పాత సంగతి చెప్పనా? అంతకుముందు తరంలో గుండెపోటు వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు కదలకుండా పడుకోబెట్టేవారు. 1952లో లెవైన్, లౌన్ అనే ఇద్దరు వైద్యులు రోగులను మొదటి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి చూపించారు. చాలామంది చంపేస్తారా అన్నారట. కూర్చున్నవాళ్లే బాగా కోలుకున్నారు, పిక్కల్లో రక్తం గడ్డకట్టడమూ తగ్గింది.

సమతూకం

కుర్చీ మాట వచ్చింది కాబట్టి, బెడ్ పాన్ మాట కూడా చెప్పాలి. పడుకుని బెడ్ పాన్ మీద ముక్కడం కంటే మంచం పక్కన కమోడ్ కుర్చీ మీద కూర్చోవడం గుండెకు తక్కువ శ్రమ. సిగ్గుతో రెండు రోజులు బిగబట్టుకుని మూడో రోజు గట్టిగా ముక్కి స్పృహ తప్పినవాళ్లను చూశాను. మలబద్ధకం ఉందా అని అడగడం కూడా గుండె వార్డు నర్సు పనే.

నాన్న_బిడ్డ

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. రోజుకు లీటరున్నర దాటకూడదన్నారు. నాన్నగారు దాహం దాహం అంటారు. నిన్న రాత్రి వంటగదిలో చీకట్లో నిలబడి తాగుతూ దొరికారు. నేను గ్లాసు లాక్కున్నాను. ఎనభై ఏళ్ల మనిషి చేతిలోంచి నీళ్ల గ్లాసు లాక్కున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పాత_సిస్టర్

ఏడవకమ్మా. దాహాన్ని కూడా నొప్పిలాగే చూడాలి. పెద్ద గ్లాసు తీసేసి చిన్న కప్పు పెట్టండి, పూర్తిగా నింపి ఇవ్వండి, సగం గ్లాసు చూస్తే మనిషికి తక్కువ ఇచ్చారనిపిస్తుంది. నోరు తరచూ పుక్కిలించనివ్వండి. ఐస్ ముక్క నోట్లో పెడితే ఎక్కువసేపు ఉంటుంది, నీళ్ల లెక్కలో నలగ్గొట్టిన ఐస్ ఒక కప్పు అంటే దాదాపు అర కప్పు. రోజుకు కావలసిన నీళ్లన్నీ ఉదయమే ఒక సీసాలో పోసి ఆయన చేతికే ఇవ్వండి. మీరు కాపలా మానేయండి, ఆయన లెక్క ఆయనే చూసుకుంటారు.

డా_హృదయం

దీనికి తోడు, మీ వైద్యుడిని మళ్లీ అడగండి. నిలకడగా ఉండి ఇంట్లో ఉంటున్న గుండె వైఫల్యం రోగులకు లీటరున్నర కట్టడి వల్ల పెద్దగా ఉపయోగం లేదని, దాహం బాధ మాత్రం పెరిగిందని నెదర్లాండ్స్‌లో చేసి 2025లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు, రక్తంలో సోడియం తగ్గినవాళ్లకు ఇది వర్తించదు. మీ నాన్నగారు ఏ కోవలో ఉన్నారో ఆయనను చూసే వైద్యుడే చెప్పాలి. ఆయన చెప్పేదాకా మీరుగా మార్చకండి. కానీ అడగండి.

నొప్పి మాత్రల మీద కూడా కన్ను వేయండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లో సోడియం చాలా ఉంటుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో సాధారణంగా పొటాషియం ఉంటుంది, గుండె మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం కావచ్చు.

నాన్న_బిడ్డ

మోకాళ్ల నొప్పులకు ఆ రెండో మాత్ర రెండు నెలలుగా వాడుతున్నారు. వేరే వైద్యుడు ఇచ్చారు. రేపే అడుగుతాను.

మూడో_ఏడాది

గుండె వేగం తగ్గించే డిగాక్సిన్ మాత్ర ఇచ్చే ముందు పల్స్ పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించాను, 76. సీనియర్ అక్క ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టమన్నారు. 104 వచ్చింది. నేను తప్పు లెక్కపెట్టానా?

పాత_సిస్టర్

రెండూ సరైనవే కావచ్చు. లయ తప్పిన గుండెలో కొన్ని దెబ్బలు బలం లేక మణికట్టు దాకా చేరవు. అందుకే ఛాతీ దగ్గర పూర్తి నిమిషం. పెద్దవాళ్లకు 60 కంటే తక్కువ ఉంటే మందు ఆపి డాక్టరును అడగాలి. ఆకలి లేదు, వాంతి వచ్చేలా ఉంది, చూపు పచ్చగా పసుపుగా ఉంది అంటే పల్స్ బాగున్నా ఆపి అడుగు. పొటాషియం తగ్గితే ఈ మందు విషంగా మారడం ఇంకా సులువు, నీరు పోయే మందు ఆ పొటాషియాన్నే బయటికి తోడేస్తుంది. రెండు మందులూ కలిసి ఉన్న రోగి రక్తపరీక్ష ఫలితం చూడకుండా మాత్ర చేతికివ్వకు.

వార్డు_దీపం

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మీరు చెప్పినవాటిలో కొన్ని మొదలుపెట్టాం.

మా దగ్గరున్న రెండు బరువు యంత్రాల్లో ఒకదాన్ని గుండె వార్డుకే కేటాయించి గోడ పక్కన నేల మీద టేపుతో గడి గీశాం, అక్కడి నుంచి కదపకూడదు. నిశిరాత్రి గారి లెక్క ప్రకారం చూసుకుంటే మాకు అవసరమైనవాళ్లు పదకొండు మందే. చార్టులో బరువు పక్కన ఇంకో గడి చేర్చాం, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. బరువు రాసిన మనిషే ఆ తీసివేత చేయాలి. కిలో దాటితే ఎర్ర పెన్ను, డ్యూటీ మారేటప్పుడు చెప్పే హ్యాండోవర్‌లో పేరు తర్వాత మొదటి మాట అదే. యాంటీబయాటిక్ సెలైన్ ఇప్పుడు నీటి లెక్కలో రాస్తున్నాం.

మొదటి మూడు రోజులు తీసివేత గడి సగం ఖాళీ. నాలుగో రోజు మా పెద్దాయనే సిస్టర్, నాది నిన్నటికంటే ఎంత తగ్గింది అని అడిగారు. ఆ తర్వాత పక్క మంచం ఆయనా అడగడం మొదలుపెట్టారు. ఎవరు ఎక్కువ తగ్గారో అని ఇద్దరూ పోటీ పడుతున్నారు, ఉదయం నేను వెళ్లేసరికి చెప్పులు విడిచి సిద్ధంగా ఉంటున్నారు.

నిన్న పెద్దాయన ఇంటికి వెళ్లారు. 61.9. ఆ అంకె చీటీ మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో యంత్రం కొన్నారట, 63.9 దాటితే ఫోను చేస్తానన్నారు.

సమతూకం

చాలా సంతోషంగా ఉంది. ఒక్క మాట. 61.9 మీ వార్డు యంత్రం అంకె. ఇంటి యంత్రం వేరు. ఇంటికి వెళ్లిన మరుసటి ఉదయం ఇంటి యంత్రం మీద వచ్చిన అంకె నుంచే లెక్క మొదలుపెట్టాలని చెప్పారా?

పాత_సిస్టర్

యంత్రం గట్టి నేల మీద పెట్టమని కూడా. మెత్తటి పరుపు మీద పెడితే తప్పు చూపిస్తుంది.

వార్డు_దీపం

చెప్పలేదు. రెండూ చెప్పలేదు. నంబరు కేస్ షీట్‌లో ఉంది, ఇప్పుడే ఫోను చేస్తున్నాను.